ఆఫీసుకు, బస్టాండుకు మధ్య ఓ నగరం

మోత్కూర్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో పాతికేళ్లుగా ఉద్యోగం చేస్తున్నవారిని ఎవరినైనా అడిగి చూడండి, ‘మీకు హైదరాబాద్ తెలుసా?’ అని. ‘తెలవకపోవుడేంది?’ అంటారు, కాస్త నొచ్చుకుని. నిజమే, వారికి తెలుసు. ఉప్పల్‌లో ఏ వేళకు ట్రాఫిక్ ఆగుతుందో తెలుసు. ఇమ్లీబన్‌లో తొర్రూరు బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసు. ఏ కిటికీ పక్కన కూర్చుంటే భువనగిరి దాకా ఎండ కొట్టదో కూడా తెలుసు. కానీ తెలిసినదంతా కలిపి చూస్తే ఒక గీత! బస్టాండు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి గదికి, శనివారం వస్తే మళ్లీ బస్టాండుకు. ఆ గీతకు అటు వంద గజాలు, ఇటు వంద గజాలు దాటితే అది వేరే ఊరు.

ఇది ఒక్క మోత్కూర్ వారి సంగతే కాదు. నల్గొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, జనగామ... ఎక్కడి నుంచి వచ్చినా బతుకుదెరువు కోసం వచ్చినవారికి నగరం ముందుగా ఒక దారిగానే పరిచయమవుతుంది. ఆ దారి తప్పితే ఆలస్యమవుతుందన్న భయంతో మరో సందులోకి తొంగి చూడరు. అలా చూడకుండానే రిటైరైపోయినవారు ఎందరో!

దీనికి మందు చాలా చవక. వారంలో ఒక్క సాయంత్రం, ఆఫీసు వదిలాక, ఆటో ఎక్కకుండా నడవడమే. ఎక్కడికో కాదు. కోఠిలో పనిచేసేవారు రోజూ వెళ్లే ఇమ్లీబన్ బస్టాండుకే. తిన్నగా వెళితే రెండు కిలోమీటర్ల లోపే. కాస్త వంకర తిరిగితే మూడు, నాలుగు. ఆ వంకరలోనే ఉంది అసలు సంగతంతా.

కోఠి బస్టాపులో నిలబడిన రాయి

సాయంత్రం ఆరు గంటలకు కోఠి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బస్సుల హారన్లు, పండ్ల బండ్లు, ఫుట్‌పాత్ మీద పోటీ పరీక్షల పుస్తకాలు. ఆ రద్దీలో బస్టాపు దగ్గరే ఒక స్మారక స్తూపం ఉంది. రోజూ వేలమంది దాని పక్కనుంచే నడుస్తారు. దాన్ని చదివేవారు మాత్రం తక్కువ. అది 1857 పోరాటానికి గుర్తు.

ఆ ఏడాది జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వెంట రోహిల్లాలు కదిలి బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. మీరట్, ఢిల్లీల గురించి పాఠాల్లో చదువుకున్నవారికి అదే ఏడాది కోఠిలో తుపాకులు పేలాయన్న సంగతి తెలియకపోవచ్చు. రెసిడెన్సీ గోడకు పడమరగా పుత్లీబౌలి వైపున్న ఇళ్లలో చేరి వాళ్లు పోరాడారు. దాడి విఫలమైంది. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు, ఆయన అక్కడే కన్నుమూశారు. తుర్రెబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకున్నారు గానీ, 1859లో తూప్రాన్ సమీపంలో ఆయనను చంపేశారు. ‘పెద్ద తుర్రెం ఖానులా మాట్లాడుతున్నాడే’ అని తెలుగు ఊళ్లలో ఇప్పటికీ వినిపించే మాటకు మూలం ఆయన పేరేనంటారు. ఎకసెక్కానికి వాడుకునే మాట వెనక ఒక ప్రాణత్యాగం ఉందన్నమాట!

స్తూపం దగ్గర నిలబడి చూస్తే ఎదురుగా కనిపించేదే ఆ రెసిడెన్సీ ఆవరణ. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో ఆ భవనానికి శ్రీకారం చుట్టారు. ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, వాటికి అటూ ఇటూ రెండు సింహాలు. హైదరాబాద్ ప్రముఖుల ఇంటి ఆడపడుచు ఖైరున్నీసాను కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన కథ అప్పట్లో కలకత్తా దాకా దుమారం రేపింది. పరదా పాటించే ఆమె భవనమంతా తిరిగి చూడలేదు కాబట్టి, తోటలో దానికి చిన్న నమూనా కట్టించారని చెబుతారు.

1949లో ఈ ఆవరణలోకి మహిళా కళాశాల వచ్చింది. కోఠి ఉమెన్స్ కాలేజీ అంటే తెలియనివారుండరు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చి తమ ఇంట్లో తొలి డిగ్రీ అందుకున్న ఆడపిల్లలు ఎందరో అక్కడ చదివారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఒకనాడు దొరల అధికారానికి నిలయమైన చోటుకు, దొరకు ఎదురు నిలిచి తన పొలం నిలుపుకున్న పాలకుర్తి ఐలమ్మ పేరు! శిథిలమైపోతున్న పాత భవనాన్ని ఏళ్ల తరబడి బాగుచేసి 2023లో మళ్లీ నిలబెట్టారు. సాయంత్రం వేళ లోపలికి వెళ్లడం కుదరకపోవచ్చు. అయినా గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగితే నష్టమేమీ లేదు.

రావిచెట్టు వారింట్లో వెలిగిన దీపం

అక్కడి నుంచి సుల్తాన్ బజార్. చీరల దుకాణాలు, గాజులు, గిన్నెలు. తల మీదుగా 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో రైలు. పెళ్లి సామాను కొనడానికి ఊరి నుంచి ఇంటిల్లిపాదీ దిగే చోటు ఇది. బేరమాడి, సంచులు నింపుకుని, మిర్చి బజ్జీలు తిని తిరిగి వెళ్లిపోతారు. ఆ సంచులు మోసుకుంటూ తిరిగే దారుల్లోనే తెలంగాణ తెలుగువారికి గుడిలాంటి చోటు ఒకటుంది. పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం.

1901 సెప్టెంబరు 1న అది పుట్టింది. ఎక్కడ? రావిచెట్టు రంగారావు ఇంట్లో. ఆయనది నల్గొండ జిల్లానే! కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆదిపూడి సోమనాథరావు వంటివారు ఆయనకు తోడయ్యారు. అప్పట్లో నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. తెలుగు ఇంటి భాష, పొలం భాష. అంతకుమించి దానికి స్థానం లేదు. నలుగురు చేరి సంఘం పెట్టుకోవాలన్నా సర్కారు అనుమానంగా చూసేది.

మరి ఈ గ్రంథాలయం ఇక్కడే ఎందుకు పెట్టారు? అందులో ఒక కిటుకుంది. ఈ బజారును అప్పుడు రెసిడెన్సీ బజార్ అనేవారు. నగరం నడిబొడ్డున ఉన్నా ఇక్కడ నిజాం చట్టాలు చెల్లవు, పెత్తనమంతా బ్రిటిష్ రెసిడెంటుదే. 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చాకే సుల్తాన్ బజార్ అయింది. అంటే పరాయి దొర నీడను వాడుకుని సొంత భాషకు గూడు కట్టుకున్నారన్నమాట! ఎంత ఆలోచన!

రంగారావు 1910లో చనిపోయారు. తర్వాత ఆయన సహధర్మచారిణి లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళం గ్రంథాలయానికి సొంత గూడు ఏర్పడటానికి ఆసరా అయింది. ఈ ఒక్క దీపం నుంచి వరంగల్‌లో, నల్గొండలో, పల్లెపల్లెల్లో గ్రంథాలయాలు వెలిశాయి. 1922లో నల్గొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక నడపడానికి ధైర్యం వచ్చిందంటే ఆ నేపథ్యం ఇలాంటి చోట్లలో తయారైనదే.

జిల్లా నుంచి వచ్చి, ఆ గ్రంథాలయానికి కూతవేటు దూరంలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఒక్కసారీ గడప తొక్కనివారు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు. ఎవరూ చెప్పలేదు, వారూ అడగలేదు. అంతే.

ఒక ఎగతాళి... ఒక ఉద్యమం

సుల్తాన్ బజార్ నుంచి జాంబాగ్ వైపు తిరిగితే వివేకవర్ధిని విద్యాసంస్థలు కనిపిస్తాయి. బడి వదిలాక పిల్లల అరుపులు, సైకిళ్లు, ఆటోలు. చూడ్డానికి మామూలు బడే. కానీ 1921 నవంబరులో ఇక్కడి నాటకశాలలో జరిగిన ఒక సంఘటన తెలంగాణ చరిత్రనే మలుపు తిప్పింది.

అది సంఘ సంస్కరణ సభ. అధ్యక్షత వహించింది స్త్రీవిద్య కోసం జీవితాన్ని ధారపోసిన మహర్షి కార్వే. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. జనం విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మొదలుపెట్టారు. అంతే! సభలో ఈలలు, గోల, ఎకసెక్కాలు. ఆయనను మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది.

ఆ అవమానం భరించలేక సభ నుంచి బయటికి వచ్చిన కొందరు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో సమావేశమై ఆంధ్ర జన సంఘాన్ని పెట్టుకున్నారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో తొలి మహాసభ. 1944లో భువనగిరిలో జరిగిన మహాసభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. ఆ తర్వాత నల్గొండ పల్లెల్లో గుత్పలు లేవడం, గడీలు కదిలిపోవడం అందరికీ తెలిసిన కథే.

మోత్కూర్ వెళ్లే బస్సు భువనగిరి మీదుగానే పోతుంది. ఆ కొండ కిందికి బస్సు చేరినప్పుడల్లా కిటికీలోంచి చూసేవారికి, ఆ కథ మొదలైంది తాము రోజూ దాటే జాంబాగ్ రోడ్డు మీదేనని తెలిస్తే? తొంభై కిలోమీటర్ల ఆ ప్రయాణం ఇంకో రకంగా ఉండదూ!

బొమ్మల బావి ఏది?

జాంబాగ్ దాటి వెనక్కి తిరిగితే పుత్లీబౌలి. పుత్లీ అంటే బొమ్మ. బౌలి అంటే మెట్లబావి. పేరులో బొమ్మ ఉంది, బావి ఉంది. రోడ్డు మీద మాత్రం మోటారు సామాను కొట్లు, నాలుగు దిక్కుల నుంచి మీదికొచ్చే బండ్లు.

హైదరాబాద్‌లో ఇలాంటి పేర్లు చూడండి: గచ్చిబౌలి, రేతిబౌలి, దూద్‌బౌలి, హరిబౌలి, పుత్లీబౌలి. ఈ నగరం ఒకప్పుడు బావుల మీద బతికిందని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నల్లా వచ్చాక బావి పాడుబడింది. పాడుబడ్డ బావి చెత్తకుండీ అయింది. చెత్తకుండీ నిండాక దాని మీద కొట్టు లేచింది. పేరొక్కటే మిగిలింది.

అన్నీ అలా పోవాలని రాసిపెట్టి లేదు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో పూర్తిగా పూడిపోయిన మెట్లబావిని తవ్వి, టన్నులకొద్దీ చెత్త ఎత్తిపోసి, 2022 డిసెంబరులో మళ్లీ జనం ముందుంచారు. అడుగున ఊట అలాగే ఉంది! దశాబ్దాలుగా దాని పక్కనే కాపురముంటున్నవారు కూడా, ‘మా ఇంటి ముందు ఇంత బావి ఉందా!’ అని నోరు వెళ్లబెట్టేంత అందంగా తేలింది. కళ్లముందు ఉన్నదాన్ని చూడటానికి ముందు ఎవరో ఒకరు తొంగి చూడాలి కదా.

చూసేలోపే కూలిన షెడ్డు

పుత్లీబౌలి నుంచి నాలుగడుగులు వేస్తే గౌలిగూడ. యాభై దాటినవారికి ఈ పేరు చెబితే చాలు, ముఖంలో వెలుగు వస్తుంది. 1994లో ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వచ్చేదాకా జిల్లాల బస్సులన్నిటికీ గౌలిగూడే గమ్యం. గుడ్డసంచిలో సర్టిఫికెట్లు, అమ్మ కట్టిచ్చిన సద్దిమూట, మొదటిసారి నగరం చూస్తున్న బెదురు. ఇవన్నీ దిగింది ఇక్కడే. పెద్ద అర్ధచంద్రాకారపు రేకుల షెడ్డు. లోపల బస్సు హారన్ కొడితే గుండెలో మోగేది. ‘భోన్‌గిర్, మోత్కూర్, తొర్రూర్...’ అన్న కండక్టరు కేక ఆ కప్పుకు తగిలి రెండుసార్లు వినిపించేది.

ఆ షెడ్డు మామూలుది కాదు. విమానాలు నిలపడానికని నిజాం కాలంలో అమెరికా నుంచి తెప్పించిన ఉక్కు కట్టడమని చెబుతారు. 1932 జూన్‌లో నిజాం రైల్వే ఆధ్వర్యంలో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైనప్పుడు అది బస్సులకు ఇల్లయింది. ఇవాళ పల్లెపల్లెకూ తిరిగే ఆర్టీసీ బస్సుకు పుట్టిల్లు అక్కడే. ఆర్టీసీ బస్సు నంబరులో ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని కూడా పాత ఉద్యోగులు చెప్పుకొనేవారు.

ఇమ్లీబన్ వచ్చాక ఆ షెడ్డు సిటీ బస్సులకు మిగిలింది. తుప్పు పట్టింది. కప్పు వంగింది. ప్రమాదమని బస్సులను తీసేసిన కొద్ది రోజులకే, 2018 జులై 5న ఒక్కసారిగా కుప్పకూలింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ‘అరె, అది అంత పాతదా?’ అనుకున్నారు జనం. దాని వయసు తెలిసింది అది పోయాకే!

ఇలాంటివి పోయినప్పుడు తప్పు ఎవరిదంటే వెంటనే సర్కారు వైపు వేలు చూపిస్తాం. అది కొంత నిజమే. కానీ ఏళ్ల తరబడి దాని కింద నిలబడి బస్సు కోసం మాత్రమే చూసిన కళ్ల సంగతేమిటి? పదిమంది ఆరా తీసే కట్టడానికి మరమ్మతు కోసం అడిగేవాడు ఒకడైనా పుడతాడు. ఎవరూ పట్టించుకోనిది చప్పుడు లేకుండా తుప్పు పడుతుంది, పెద్ద చప్పుడుతో కూలుతుంది.

నూటయాభై మందిని మోసిన చెట్టు

గౌలిగూడ నుంచి అఫ్జల్‌గంజ్. ఇక్కడ అడుగు తీసి అడుగు వేస్తే చరిత్రే. రోడ్డు పక్కన తెల్లటి పెద్ద భవనం రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో ఈ భవనంలోకి మారింది. ఉద్యోగాల కోసం చదువుకునే పిల్లలతో దాని ఆవరణ కళకళలాడుతూ ఉంటుంది. వారిలో నల్గొండ యాస వినిపించని రోజుండదు.

దానికి దగ్గర్లోనే ఉస్మానియా ఆసుపత్రి. విన్సెంట్ ఎష్ గీసిన గుమ్మటాల భవనం 1925 నాటికి సిద్ధమైంది. అంతకుముందు ఇక్కడే అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1888, 1889లలో క్లోరోఫాం మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో నిజాం ఖర్చుతో ప్రయోగాలు జరిగింది ఈ నగరంలోనే. ‘హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్’ అన్న పేరు లండన్ వైద్యపత్రికల్లో మారుమోగింది. ఆ తీర్మానాలను తర్వాతి పరిశోధనలు సరిదిద్దాయి. అయినా ప్రపంచ వైద్యులంతా హైదరాబాద్ వైపు చూసిన రోజులవి.

ఆసుపత్రి ఆవరణలో, మూసీ వైపున, ఒక ముసలి చింతచెట్టు ఉంది. అక్కడికి వెళ్లేటప్పుడు మాత్రం నెమ్మదిగా, మర్యాదగా నడవాలి. ఎందుకంటే అది ఆసుపత్రి. చెట్ల కింద పడుకున్నవారు రోగుల తాలూకు మనుషులు. పల్లెల నుంచి వచ్చి, మంచం దొరికేదాకా అక్కడే అన్నం వండుకుని తినేవారు. చూసిపోవడానికి వచ్చిన కళ్లతో వారిని చూడకూడదు.

1908 సెప్టెంబరు 28. మూసీకి ఎన్నడూ ఎరగని వరద. దాదాపు 15 వేల మంది ప్రాణాలు పోయాయి. నది మీది వంతెనలు కొట్టుకుపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలిచింది. అఫ్జల్‌గంజ్ నీట మునిగింది. ఆ రాత్రి ఈ చింతచెట్టెక్కి కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. చుట్టూ అయినవాళ్లు కొట్టుకుపోతుంటే చూస్తూ, చేయి జారితే తామూ పోతామని తెలిసి, తెల్లవార్లూ అలా! ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. కుటుంబంలో మిగిలింది ఆయనొక్కరే.

ఆ విషాదం నుంచే నేటి నగరం పుట్టింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మేరకే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. 1912లో నగర అభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఏటా సెప్టెంబరు 28న కొందరు నగరాభిమానులు ఈ చెట్టు దగ్గర చేరి నాటి మృతులను తలుచుకుంటారు. మిగతా 364 రోజులూ చెట్టు ఒంటరిదే.

ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులై వానలకు నీళ్లు రావడంతో రోగులను వేరే బ్లాకులకు మార్చారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగులకు మంచి ఆసుపత్రి కావాల్సిందే, దాని గురించి రెండో మాట లేదు. కానీ ఆసుపత్రి తరలిపోతే ఇక్కడి గుమ్మటాలను, చింతచెట్టును తలుచుకునేది ఎవరు? వాటి కథ తెలిసినవారే కదా!

చింతతోపులో బస్టాండు

చెట్టు దగ్గర్నుంచి బయటికొచ్చి మూసీ పక్కగా నడిస్తే ఇమ్లీబన్. ఇమ్లీ అంటే చింత. బన్ అంటే వనం. చింతతోపులో బస్టాండు! రోజూ ‘ఇమ్లీబన్, ఇమ్లీబన్’ అంటూనే ఆ మాటలో ఉన్న చెట్లను మరిచిపోయారు అందరూ. కాసేపటి క్రితం చూసిన చింతచెట్టు ఆ తోపుకు చుట్టమే అయి ఉంటుందనిపిస్తే తప్పు లేదు.

వంతెన మీద ముక్కు మూసుకోవాల్సిందే, అందులో దాపరికం లేదు. కానీ ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలుసా? అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మురుగంతా మోసుకుని, వలిగొండ మీదుగా యాదాద్రి భువనగిరి, నల్గొండ, సూర్యాపేట జిల్లాలు తాకుతూ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది మూసీ. మోత్కూర్ ప్రాంతపు బిక్కేరు వాగు చివరికి కలిసేదీ మూసీలోనే. కోఠిలో కడిగిన చేతి మురికి జిల్లా వరిపొలాల దాకా వెళుతుంది. నగరం, పల్లె వేర్వేరని అనుకోవడం మనుషులకే, నదికి ఆ తేడా లేదు.

నదికి మరిచిపోయే గుణం కూడా లేదు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి ఇదే బస్టాండులోకి వచ్చింది. రాత్రివేళ ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి చేర్చారు. పండక్కి ఊరెళ్లేవారు నగరం అంచుల దాకా వెళ్లి బస్సులెక్కాల్సి వచ్చింది. సరిగ్గా 117 ఏళ్ల క్రితం, అదే నెల చివర్లో, కూతవేటు దూరంలో చింతచెట్టు మీద నూటయాభై మంది వేలాడారని ఆ రాత్రి తాడు పట్టుకున్నవారిలో ఎందరికి తెలుసు? తెలిస్తే నీళ్లు ఆగవు. కానీ నది ఒడ్డును నదికే వదలాలన్న బుద్ధి పుడుతుంది.

నడకకు కావాల్సినవి

దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. కాలికి సరిపోయే చెప్పులు, చేతిలో గొడుగు, జేబులో చిల్లర. ఫోను మోగితే తియ్యండి గానీ, దాన్ని చూస్తూ నడవకండి. గంటన్నర సరిపోతుంది. చీకటి పడకముందే ఆసుపత్రి, నది వైపు చూసేలా బయల్దేరితే మేలు. ఒకే రోజు అన్నీ చూడాలన్న పంతం వద్దు. ఈ వారం సుల్తాన్ బజార్, వచ్చే వారం అఫ్జల్‌గంజ్. మధ్యలో ఇరానీ చాయ్ తాగేటప్పుడు పక్క బల్ల మీది పెద్దమనిషిని ఒక్క మాట అడిగితే చాలు, ‘చాచా, ఈ గల్లీకి ఈ పేరెందుకొచ్చింది?’ అని. చాయ్ చల్లారిపోతుంది, ఆయన మాత్రం ఆగడు! చెప్పిందంతా చరిత్ర కాకపోవచ్చు. కానీ వెతకడానికి ఒక దారం దొరుకుతుంది.

పిల్లలను ఒక్కసారి వెంట తీసుకెళ్లండి. పాఠంలో ‘1857’ అని అంకె చదివిన పిల్లకు ఆ స్తూపాన్ని చేత్తో తాకనివ్వండి. పరీక్ష అయిపోయాక కూడా ఆ ఏడాది మరిచిపోదు.

ఇక మోత్కూర్‌లో...

‘ఏం సారూ, ఇయ్యాల నడిచొచ్చిండ్రా? చెమటలు కారుతున్నయ్’ అంటాడు కండక్టరు. బస్సు కదులుతుంది. ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి, రాయగిరి... చివరికి మోత్కూర్. అక్కడ దిగినవారి కాళ్లు మళ్లీ పాత గీత మీదే ఇంటికి చేరతాయి.

అసలు పరీక్ష అక్కడే ఉంది. నగరంలో గల్లీ గల్లీ తిరిగి నేర్చుకున్న చూపు సొంతూళ్లో పనికిరాకపోతే ఏం లాభం? 2016లో మోత్కూర్ కొత్త జిల్లాలోకి వచ్చింది. 2018లో మున్సిపాలిటీ అయింది. ఊరు పట్నమయ్యేటప్పుడు రోడ్లు వెడల్పవుతాయి, దుకాణాలు లేస్తాయి. మంచిదే. ఆ తొందరలోనే తెలంగాణ ఊళ్లలో పాత బావులు పూడిపోతాయి, బురుజుల రాళ్లు ఇళ్ల పునాదుల్లోకి వెళతాయి, వాడల పేర్లు వార్డు నంబర్లవుతాయి. పుత్లీబౌలికి వందేళ్లలో జరిగింది, చిన్న ఊళ్లకు పదేళ్లలో జరిగిపోతుంది. పుత్లీబౌలికి కనీసం పేరన్నా మిగిలింది. వార్డు నంబరుకు అదీ మిగలదు.

కాబట్టి ఆదివారం సాయంత్రం ఇంటి అరుగు దిగి, రోజూ వెళ్లే దారి కాకుండా పక్క వాడలోంచి చెరువు గట్టు దాకా నడవాలి. ఆ బావి ఎవరు తవ్వించారు? ఈ వాడకు ఆ పేరెలా వచ్చింది? కూలిన ఆ గోడ ఒకప్పుడు ఏమిటి? జవాబు చెప్పే అవ్వలు, తాతలు ఇంకా గడపల ముందు కూర్చునే ఉన్నారు. వారు చెప్పింది మనవరాలి నోట్‌బుక్కులో రెండు పేజీలు రాయిస్తే చాలు. గౌలిగూడ షెడ్డును కూలాక ఫొటోలో చూసుకున్నారు జనం. ఊరి బావి పూడితే పేపర్లో ఫొటో కూడా రాదు.